రెండు డబ్బాల ఎరుపు

కనిగిరి నుంచి పామూరు దాకా
గోడల మీద అక్షరాల్లో సగం నావే.
సిమెంటు బస్తా నాదే, విత్తనాల కంపెనీ జోడెద్దులు నావే,
మొన్నటి ఎన్నికల్లో రెండు పార్టీల గుర్తులూ
ఒకే కుంచెతో వేశా,
మధ్యలో కిరసనాయిల్లో జాడించి.

ఈసారి పని బోరింగులది.
నలభై మూడు. కాగితంలో ఒక్కోదానికీ ఒక అంకె.
ఒకటిన్నర దాటితే ఎరుపు, దాటకపోతే నీలం.
"అంకెలు నీకెందుకు కరీముల్లా,
పక్కన రాసిన రంగు చూసి కొట్టు" అన్నాడు ఏఈ.
అంకె ఆయన ఫైలులో ఉండిపోయింది.
రంగు నాతో పాటు టీవీఎస్ ఎక్కింది.

నీలం ఐదు డబ్బాలు, ఎరుపు రెండు.
పరీక్షలు కాకముందే కొన్నారంట.
ఎంత విషముండాలో
కొట్టువాడి బిల్లులో ముందే తేలిపోయింది.

రాయాల్సిన మాటా పైనుంచే వచ్చింది:
'ఈ జలము త్రాగుటకు యోగ్యము కాదు.'
ఎవరు రాశారో, ఏ ఫ్యాను కింద కూర్చుని రాశారో.
మా వైపు యోగ్యం అనే మాట
పెళ్ళిసంబంధాలప్పుడు తప్ప బయటికి రాదు.
దిబ్బలపాడు పల్లెలో ఒక పిల్లోడు
నా వెనకాలే నిలబడి కూడబలుక్కుని చదివి
వాళ్ళమ్మకు అర్థం చెప్పాడు:
"ఈ నీళ్ళు తాగే యోగ్యత మనకు లేదంటమ్మా."
ఆమె ఆశ్చర్యపోలేదు.
ఆ మాట చిన్నప్పుడు
ఇంకో బావి దగ్గర విన్నదే.
బిందె చంకనెత్తుకుని, సరేలే అన్నట్టు
ఇంకో పది అడుగులు దూరం జరిగి నిలబడింది.

రోడ్డు పక్క బోరింగు దగ్గర సర్పంచి ఆపాడు.
"అటు తిప్పి రాయి, తుమ్మచెట్టు వైపు.
ప్లాట్లేస్తున్నాం ఇక్కడ" అన్నాడు.
కాసేపాగి, గొంతు తగ్గించి,
"మా అన్న కూతురికి చూడొస్తున్నారు శుక్రవారం.
ఎర్రబోరింగుల ఊరంటే వెనక్కి పోతారయ్యా."
మొదటి మాటకు కోపమొచ్చింది.
రెండో మాటకు కుంచె తిప్పా.
తుమ్మచెట్టు నిరక్షరాస్యురాలు. ఏమీ అనలేదు.

ముప్పయ్యో బోరింగు దగ్గర ఎరుపు అయిపోవచ్చింది.
టర్పెంటైన్ కలిపా, మళ్ళీ కలిపా,
చివరి ఆరూ గులాబీ రంగుకు దిగాయి.
"గులాబీ అంటే ఏందన్నా,
సగం చెంబు తాగొచ్చా?" అడిగాడొకడు.
ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు.
పిల్లలు మాత్రం నవ్వారు.
నవ్వితే పళ్ళు కనపడ్డాయి,
ఒక్కో పన్ను మీదా అడ్డంగా గోధుమరంగు గీతలు,
నా దారం పట్టిన గీతలకన్నా తిన్నగా.

ఓబులమ్మ అప్పుడొచ్చింది.
నేల వైపే చూస్తూ నడిచే మనిషి,
వంగిన నడుం ఇక లేవదు.
బోర్డు చదవాలంటే తల ఎత్తాలి, ఎత్తలేదు.
"ఏం రాశావు నాయనా?"
చెప్పా.
"ఇవి కాకపోతే ఏవి?"
కాగితం తిరగేసి చూశా.
వెనక ఏఈ సంతకం అచ్చు పడి ఉంది, అంతే.
ట్యాంకరు సంగతి నాకూ తెలుసు,
నాలుగు రోజులకోసారి, అదీ డ్రైవరు దయ.
ఆమె పిడి అందుకుని కొట్టుకుంది.
తడి రంగు అరచేతికంటింది.

ఆమె పోయాక, కింద దిమ్మె మీద
కాగితంలో లేని అక్షరాలు రాశా,
వంగినోళ్ళకి కనపడే ఎత్తులో, చదవగలిగినవాడు చదివి చెప్పేట్టు:
'తాగితే మోకాళ్ళు పోతాయి.
అంట్లకి, గుడ్డలకి వాడుకోండి.
తాగే నీళ్ళ కోసం మండలాఫీసులో గొడవ చెయ్యండి.'

బిల్లులో నూట ఎనభై కోశారు.
మంజూరు కాని అక్షరాలంట.
మూడో వాక్యం మీద సున్నం కొట్టించారు,
ఆ సున్నం కూలి కూడా నా లెక్కలోనే.

నిన్న పామూరు దాటి, నేను ఎక్కని ఊళ్ళో
టీ కోసం ఆగా.
నీలం బోరింగు. కొత్త నీలం.
దాని దిమ్మె మీద బొగ్గుతో
'తాగితె మొకాళ్లు పోతయి.'
రెండు చోట్ల దీర్ఘం లేదు.
చేతిరాత నాది కాదు.